కీబోర్డు చరిత్రలో టైపిస్టు స్థానం

యంత్రాల చరిత్ర రాసేవారు సాధారణంగా రెండు విషయాలు చెప్పి ఊరుకుంటారు: యంత్రాన్ని ఎవరు కనిపెట్టారు, దాన్ని ఏ కంపెనీ అమ్మింది. ఆ యంత్రం ముందు రోజుకు ఎనిమిది గంటలు కూర్చున్నవాడి సంగతి ఆ చరిత్రలో కనిపించదు. మగ్గం చరిత్రలో నేతగాడు, అచ్చుయంత్రం చరిత్రలో కంపోజిటరు, టైపురైటరు చరిత్రలో టైపిస్టు - ముగ్గురూ పేరులేని మనుషులే. అయితే యంత్రం మారినప్పుడల్లా ఆ మార్పుకు మూల్యం చెల్లించింది మాత్రం వీరే. ఈ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి కీబోర్డు కంటె మంచి ఉదాహరణ దొరకదు.

హైదరాబాదులో ఈ పరిశీలనకు అనువైన చోటు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతం. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి విజయవాడ రహదారి మీదుగా వచ్చే బస్సు నగరంలో ప్రవేశించేది ఇక్కడే. ఉద్యోగం వెదుక్కుంటూ వచ్చిన యువకుడు హాస్టలులో మంచం తీసుకునేదీ, కంప్యూటరు కోర్సులో చేరేదీ చాలాసార్లు ఇక్కడే. ఎల్.బి.నగర్‌లో రంగారెడ్డి జిల్లా న్యాయస్థానాలున్నాయి. కోర్టు ఉన్నచోట టైపు చేసేవారు ఉండక తప్పదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లను అల్లుకొని జిరాక్సు షాపులు, డి.టి.పి. షాపులు, లాప్‌టాప్ రిపేరు షాపులు ఉన్నాయి. వేళ్లతో అక్షరాలు కొట్టి బతికేవారు, కొట్టడం నేర్చుకుంటున్నవారు ఇక్కడ పక్కపక్కనే కనిపిస్తారు. వీరి నోట తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటి ఉన్నది: పాత మెషీనుకు అలవాటుపడ్డ చెయ్యి కొత్తదాని మీద నడవడం లేదని. దీన్ని వ్యక్తిగతమైన చిరాకుగా కొట్టివేయడం తేలిక. కాని ఈ చిరాకుకు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉన్నది.

అమెరికాలో మిల్వాకీ పట్టణానికి చెందిన క్రిస్టఫర్ షోల్స్, అతని సహచరులు 1868లో టైపురైటరుకు పేటెంటు పొందారు. 1874లో దాన్ని తయారుచేసి అంగడికి తెచ్చింది రెమింగ్టన్ కంపెనీ. అది అప్పటికి తుపాకులు, కుట్టుమిషన్లు చేసే సంస్థ. ఈనాటికీ మన లాప్‌టాప్ మీద కనిపించే ఇంగ్లీషు అక్షరాల వరుస ఆ కాలంలో స్థిరపడ్డదే. ఆ వరుస అలాగే ఎందుకు ఏర్పడిందన్న దానిపై పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. కాని అది ఎందుకు నిలిచిందన్నది స్పష్టమే. వేలాది టైపిస్టుల వేళ్లు దాన్ని నేర్చుకున్నాయి కాబట్టి నిలిచింది. 1936లో ఆగస్ట్ డ్వొరాక్ అనే ఆచార్యుడు వేళ్ల శ్రమ తగ్గుతుందంటూ మరొక అమరికకు పేటెంటు తీసుకున్నాడు. అది వ్యాపించలేదు. నేర్చిన విద్యను మరిచి మళ్లీ నేర్చుకోవడానికి పట్టే నెలల జీతం ఎవరిస్తారు? ఈ ప్రశ్నకు జవాబు లేకనే డ్వొరాక్ ఓడిపోయాడు. అంటే వేళ్ల జ్ఞాపకానికి విలువ ఉన్నది. అది శ్రామికుడు తన కాలం వెచ్చించి సంపాదించుకున్న ఆస్తి. కీబోర్డును మార్చడమంటే ఆ ఆస్తిని చెల్లని నాణెంగా ప్రకటించడం.

ఇంగ్లీషుకు చేసిన ఈ యంత్రం తెలుగుకు వచ్చేసరికి చిక్కు మొదలైంది. యంత్రానికి నలభై పైచిలుకు మీటలు, మీటకు రెండేసి అచ్చులు. తెలుగుకు అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు. అందుకని అక్షరాన్ని ముక్కలు చేయవలసి వచ్చింది. గుడి ఒక మీట, కొమ్ము ఒక మీట, వత్తు ఒక మీట అయినాయి. కొన్ని మీటలు కొడితే కాగితం మీద గుర్తు పడుతుంది గాని బండి జరగదు. టైపిస్టులు వీటిని డెడ్ కీలంటారు. తెలుగు టైపిస్టు చేసే పని ఇంగ్లీషు టైపిస్టు పని వంటిది కాదు. అతడు అక్షరాన్ని కొట్టడు, ముక్కలు పేర్చి కడతాడు. ఆ రోజుల్లో లిపినే సంస్కరించి యంత్రానికి లొంగదీయాలని వాదించినవారు కూడా ఉన్నారు. లిపి లొంగలేదు, టైపిస్టు వేళ్లు లొంగాయి.

1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడి, వావిలాల గోపాలకృష్ణయ్యగారు దానికి తొలి అధ్యక్షులైనారు. తెలుగులో పాలన సాగాలంటే తెలుగులో ఉత్తరం కొట్టే మనిషి కావాలి. ఊరూరా టైపు ఇన్‌స్టిట్యూట్లలో ఇంగ్లీషుతోపాటు తెలుగు నేర్పారు. సాంకేతిక విద్యా మండలి జరిపే లోయరు, హయ్యరు పరీక్షల సర్టిఫికెట్టు పేదింటి బిడ్డకు గుమాస్తా ఉద్యోగానికి తలుపు తీసింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇన్‌స్టిట్యూటులో నేర్చిన విద్య పరీక్షలో చెల్లింది, ఆఫీసులోనూ చెల్లింది. విద్య టైపిస్టుది, యంత్రం యజమానిది. గోద్రెజ్ కంపెనీ 1955లో మన దేశంలో టైపురైటర్ల తయారీ మొదలుపెట్టి 2009లో నిలిపివేసింది. ఆ యంత్రం పోయినందుకు కన్నీళ్లు పెట్టుకోనవసరం లేదు. దానితోపాటు పోయిన భద్రత సంగతి మాత్రం ఆలోచించాలి.

కంప్యూటరుతో డి.టి.పి. వచ్చింది. అచ్చు పని సులువైంది, పత్రికలు పెరిగాయి, చిన్న ఊళ్లో కూడా పుస్తకం వేసుకోగల స్థితి ఏర్పడింది. ఈ ప్రగతిని కాదనలేము. కాని కీబోర్డు మాత్రం ముక్కచెక్కలైంది. ఒక చోట మాడ్యులర్ కీబోర్డు, మరొక చోట యాపిల్ కీబోర్డు, ఇంకొక చోట పాత టైపురైటరు అమరిక. ఒక షాపులో పదేళ్లు పనిచేసినవాడు పక్క షాపులో చేరితే మళ్లీ అక్షరాభ్యాసం. ఫాంటుల సంగతి మరీ అన్యాయం. అను వంటి సాఫ్ట్‌వేర్లలో కొట్టిన తెలుగు ఆ ఫాంటులు ఉన్న కంప్యూటరులోనే తెలుగు; లేనిచోట అది పిచ్చి గుర్తుల గుంపు. టైపురైటరు మీద కొట్టిన కాగితాన్ని ఎవరైనా చదవగలరు. కంప్యూటరులో కొట్టిన తెలుగును చదవడానికి మాత్రం కంపెనీ అనుమతి కావలసి వచ్చింది. భాష అందరిదీ, కంచె ఒకరిది.

ఈ గందరగోళం తీర్చవలసిన బాధ్యత ప్రభుత్వానిది. కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఇన్‌స్క్రిప్ట్ అనే అమరికను రూపొందించింది. 1991లో అది భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర పొందింది. బ్రాహ్మీ నుంచి పుట్టిన లిపులన్నింటికీ ఒకే అమరిక, ఎడమచేతికి స్వరాలు, కుడిచేతికి ప్రధానంగా వ్యంజనాలు అన్నది దాని సూత్రం. హిందీలో 'క' ఉన్నచోటే తెలుగులోనూ 'క' ఉంటుంది. ఉదాత్తమైన ఆలోచనే. కాని దానిని తెలుగు వ్యాకరణం తెలిసినవాడు ఒకసారి పరీక్షించి చూస్తే విషయం బోధపడుతుంది.

సంస్కృతంలో హ్రస్వ ఎకార ఒకారాలు లేవు. అవి ద్రావిడ భాషల సొత్తు. చెప్పు, చెయ్యి, ఎక్కడ, కొడుకు, పొలం, రొట్టె - ఇవి లేకుండా తెలుగువాడు ఒక పూట మాట్లాడలేడు. ఇన్‌స్క్రిప్టులో ఏత్వం, ఓత్వం రెండూ వేళ్లు విశ్రాంతిగా ఆనే నడి వరుసలో ఉన్నాయి. ఎత్వం కింది వరుస చివర 'జెడ్' మీట మీద ఉన్నది. ఒత్వం ఇంకా దూరం. పై వరుసలో అంకె ఒకటికి ఎడమగా, కీబోర్డు మూలలో ఉన్నది. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్.బి.నగర్‌కూ నడుమనున్న 'కొత్తపేట' పేరు కొట్టి చూడండి. ఏత్వం వేలికిందే ఉంటుంది. ఒత్వం కోసం చిటికెనవేలు మూలకు పరుగెత్తాలి. 'తెలుగు' అన్న మాటే కింది మూల తాకనిదే పూర్తికాదు. దీనిలో ఎవరి దురుద్దేశమూ లేకపోవచ్చు. నాగరిని నమూనాగా పెట్టుకొని అమరిక గీశారు. మిగిలిన భాషల ప్రత్యేకతలను మిగిలిన మూలల్లో సర్దారు. జీవద్భాషను ప్రమాణంగా తీసుకోవాలని గిడుగు రామమూర్తిగారు జీవితమంతా పోరాడిన జాతి మనది. ఆ న్యాయం మీటల పలకకు వర్తించదా?

అంతలో యూనికోడ్ వచ్చింది. 1991నాటి మొదటి ప్రతిలోనే తెలుగుకు చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పి దానిని సామాన్యుడి కంప్యూటరులోకి తెచ్చింది. ఫాంటుల కంచె కూలడం మొదలైంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్.టి.ఎస్. పద్ధతిని తయారుచేశారు, 2006లో వీవెన్ అందించిన 'లేఖిని' దానిని సులభం చేసింది. ఎందరో తెలుగులో రాయడం మొదలుపెట్టింది ఇలాగే. కాని దీనికొక మూల్యం ఉన్నది. 'ట'కు పెద్ద 'టి', 'త'కు చిన్న 'టి' అని గుర్తుపెట్టుకునే విద్యార్థి తన భాషను ఇంగ్లీషు బడి గుండా తిరిగి వచ్చి చేరుకుంటున్నాడు. ఇంగ్లీషు స్పెల్లింగుతో పరిచయం లేని తల్లికి, కూలికి ఆ దారి మూసుకొనే ఉన్నది. యూనికోడుతోనైనా తెలుగు అవసరాలు కంపెనీల బల్ల మీదికి పూర్తిగా చేరలేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క సంయుక్తాక్షరం కోడు రూపంలో పంపితే ఐఫోన్లు మొరాయించిన సంగతి లోకమంతా చూసింది. కొద్దిరోజుల్లో సవరించారు. కాని తెలుగు బాలశిక్షలో ఉన్న అక్షరాన్ని ముందే కొట్టి చూడాలని ఎవరికీ తోచలేదు.

ఇక లాప్‌టాప్. ఇక్కడ యంత్రమే వేళ్లకు ఎదురు తిరిగింది. పలుచన చేయాలనే పోటీలో మీటల లోతు తగ్గింది, వరుసలు తగ్గాయి. రాసేవారు మెచ్చిన థింక్‌ప్యాడ్ 2012లో ఏడు వరుసల కీబోర్డును ఆరుకు కుదించింది. 2014లో అదే కుటుంబంలోని ఒక నమూనా పై వరుస మీటలు తీసి మెరిసే పట్టీ పెట్టింది. వినియోగదారులు మండిపడితే మరుసటి ఏడే మీటలు తిరిగి వచ్చాయి. యాపిల్ 2015లో 'సీతాకోకచిలుక' కీబోర్డు తెచ్చింది. దుమ్ము రేణువు పడితే మీట మొరాయించేది. కీబోర్డు ఒక్కటే విడిగా మార్చే వీలులేక, బాటరీతో సహా పై భాగమంతా మార్చవలసి వచ్చేది. 2016లో ఎస్కేప్ మీటను కూడా తీసివేసి, 2019లో మళ్లీ పెట్టారు. ఆ ఏటి చివర మొదలుపెట్టి 2020 నాటికి పాత పద్ధతి కీబోర్డుకే తిరిగి వచ్చారు. కోర్టు వ్యాజ్యంలో 2022లో 5 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పందం కుదిరింది. ఆ పరిహారం అమెరికాలోని ఏడు రాష్ట్రాల్లో కొన్నవారికే. ఆ యంత్రమే చేతులు మారి మన రిపేరు షాపు బల్ల మీదికి వస్తే, దానిని కొనుక్కున్న విద్యార్థికి దక్కేది బిల్లు మాత్రమే. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన కృత్రిమ మేధ వ్యాపారానికి ఒక మీట కావాలని ప్రకటించింది. కుడిచేతి వైపు ఉన్న ఒక మీట తన చోటు దానికి అప్పగించింది. ఎవరిని అడిగి?

తెలుగు రాసేవాడికి ఈ మార్పులు రెట్టింపు దెబ్బ. మన ఒత్వం కూర్చున్న ఆ మూల మీటనే చూడండి. ఇంగ్లీషు రాసేవాడికి దానితో పెద్ద పని లేదు. కాబట్టి చిన్న కీబోర్డుల్లో దానిని ఎస్కేప్ మీట కింద దాచివేస్తారు; యాపిల్ ఐరోపా నమూనాలో అది ఎడమ షిఫ్టు పక్కకు దిగిపోతుంది. అక్కడ జరిపింది పనికిరాని గుర్తునని రూపకర్త అనుకుంటాడు. ఇక్కడ కదిలింది తెలుగు భాషలోని ఒక అచ్చు. పైగా మన దుకాణాల్లో దొరికే లాప్‌టాప్‌ల మీటల మీద సాధారణంగా ఇంగ్లీషు అక్షరాలు తప్ప తెలుగు అక్షరం ఉండదు. ప్రభుత్వ ప్రమాణం కాగితం మీద ఉన్నది, మీట మీద లేదు.

ఇంతా చెప్పాక ఒక ఆక్షేపణ వస్తుంది. ఇకమీద నోటితో చెబితే ఫోనే రాస్తుంది గదా, కీబోర్డు గురించి రభస ఎందుకని. ఉత్తరం నోటితో చెప్పవచ్చు. ఇరవైమంది కూర్చున్న కోచింగ్ గదిలో, కోర్టు బయటి టైపు బల్ల దగ్గర, సవరించి సవరించి రాసే వ్యాసంలో అది సాగదు. పైగా నోటిమాటను అక్షరంగా మార్చే యంత్రం కూడా ఏదో ఒక కంపెనీ చేతిలోదే. ప్రశ్న అలాగే ఉంటుంది, చోటు మారుతుంది. మార్పును వ్యతిరేకించడం మన వాదం కాదు. 1811లో ఇంగ్లండులో యంత్రాలు పగలగొట్టిన నేతగాళ్లను మూర్ఖులన్న చరిత్రకారులే, వారి కోపం యంత్రాన్ని వాడిన తీరు మీదనని తరువాత ఒప్పుకోవలసి వచ్చింది. కొత్తది నేర్చుకునే ఖర్చు ఎవరు భరించాలి, నిర్ణయంలో నేర్చుకునేవాడికి మాట ఉండాలా వద్దా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఇది తీరని కోరిక కాదు. తమిళనాడు ప్రభుత్వం 1999లో తమిళానికి తగిన 'తమిళ్ 99' అమరికను ఆమోదించింది. ఫ్రాన్సు దేశం 2019లో తన కీబోర్డు ప్రమాణాన్ని ప్రజాభిప్రాయం సేకరించి సవరించుకుంది. మన కేంద్ర ప్రభుత్వమే 2016లో సెల్‌ఫోన్లు భారతీయ భాషల్లో అక్షరాలు చూపి తీరాలని ప్రమాణం విధించింది. ఫోనుకు విధించగలిగినది లాప్‌టాప్‌కు విధించలేదంటే కారణం సాంకేతికం కాదు. అడిగేవారు లేకపోవడమే.

అడగవలసినవారిలో మొదటివారు తెలుగు ఉపాధ్యాయులు, విద్యార్థులు. ఛందస్సులో గణవిభజన నేర్పే మనం తెలుగులో ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో లెక్కగట్టి, అది ఏ వేలి కింద ఉండాలో చెప్పలేమా? బడిలో కంప్యూటరు నేర్పేచోట తెలుగు కీబోర్డును పాఠ్యాంశం చేయించాలి. ఇన్‌స్క్రిప్టులో ఎత్వ ఒత్వాల స్థానాన్ని పునఃపరిశీలించమని కోరాలి. ఆ పరిశీలన సభలో భాషావేత్తతోపాటు, ఇంజనీరుతోపాటు, డి.టి.పి. షాపులో ఇరవై ఏళ్లు అక్షరాలు కొట్టిన మనిషికి కుర్చీ వేయాలి. మార్పు అవసరమని ఆ సభలో తేలితే, పాత అమరిక నేర్చినవారికి కొత్తది నేర్పే ఖర్చు కూడా ఆ సభే లెక్కవేయాలి. కొత్తపేట పేరు చిటికెనవేలు నొప్పి లేకుండా రాయగల కీబోర్డు ఎలా ఉండాలో ఇన్నాళ్లూ అతణ్ణి ఎవరూ అడగలేదు. అతనికి మాత్రం తెలుసు.