కుండీలో పాత మట్టిని పారేస్తున్నారా? ముందు మిద్దె మీద చౌడు కథ వినండి

ఈ రోజు ఎపిసోడ్ మట్టి గురించి. అదీ వాడేసిన పాత మట్టి గురించి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ మూడు ఊళ్లలో ఇప్పుడు చాలా ఇళ్ల మీద కుండీలు కనిపిస్తాయి. టమాటా, మిరప, కరివేపాకు, గులాబీ. ఒక పంట అయిపోయాక మొక్క ఎండిపోతుంది, మట్టి మిగులుతుంది. దాన్ని ఏం చేయాలి? చాలామంది ఒక సంచిలో ఎత్తి ఖాళీ జాగాలో పారబోస్తారు. మళ్లీ డబ్బు పెట్టి కోకోపీట్, ప్యాకెట్ మట్టి తెచ్చుకుంటారు. ఆరు నెలలకు మళ్లీ అదే కథ.

మన జిల్లాలో మట్టిని ఇట్లా పారేసే అలవాటు పాతది కాదు. ఒకప్పుడు ఇక్కడ పాత మట్టికి మూడు రకాల ఉద్యోగాలుండేవి. ఒకటి ఇంటి పైకప్పు మీద, రెండోది పాత ఊరి దిబ్బలో, మూడోది చెరువు అడుగున. ఈ మూడూ అర్థమైతే మీ కుండీలో మట్టికి ఏమైందో మీకే తెలిసిపోతుంది.

మొదట పైకప్పు.

రాయలసీమ పాత ఇళ్లు చూసే ఉంటారు. పెంకు ఉండదు, ఏటవాలు ఉండదు. సమతలంగా మట్టి మిద్దె. రాతి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద కట్టెలో బండలో పరిచి, ఆపైన మట్టి పోసేవాళ్లు. అన్నిటికంటే పైన వేసే పొర మాత్రం మామూలు మట్టి కాదు, చౌడు మన్ను. అంటే ఉప్పు తేలిన మట్టి. వానాకాలం రాకముందే చౌడు తెచ్చి మిద్దె మీద చల్లి, కారే చోట సర్దుకునేవాళ్లు.

చౌడే ఎందుకు? ఇక్కడ సైన్స్ ఉంది. చౌడు మన్నులో సోడియం ఎక్కువ. మట్టిలో బంక రేణువులు మామూలుగా ఒకదానికొకటి అంటుకుని చిన్న చిన్న గడ్డలుగా ఉంటాయి. ఆ గడ్డల మధ్య సందుల్లోంచే నీళ్లు దిగుతాయి, గాలి ఆడుతుంది. సోడియం ఎక్కువైతే గడ్డలు విడిపోతాయి. వాన పడగానే సన్నని బంక రేణువులు సందుల్లోకి దూరి వాటిని మూసేస్తాయి. ఇంక నీళ్లు కిందికి దిగవు, పైనుంచి జారిపోతాయి. సిమెంటు లేని కాలంలో అదే మన వాటర్ ప్రూఫింగ్.

ఇప్పుడు ఇదే మట్టిని చేను వైపు నుంచి చూడండి. నీళ్లు దిగని, గాలి ఆడని మట్టిలో వేరు ఎట్లా బతుకుతుంది? అందుకే చౌడు నేలలో పంట రాదు. మిద్దెకు వరం, మొక్కకు శాపం. మన పెద్దోళ్లు ఆ మట్టిని తిట్టుకుంటూ కూర్చోకుండా దానికి తగిన పని చూపించారు.

రెండో ఉద్యోగం: పాటి మన్ను.

పాటి అంటే పాడుబడిన పాత ఊరి జాగా. మట్టి గోడలు కూలి, బూడిద, పేడ, పొట్టు, ఎముకలు తరాల తరబడి కలిసిపోయి ఒక దిబ్బ అవుతుంది. అందులో నత్రజని, భాస్వరం, పొటాష్ పేరుకుంటాయి. తెలుగు రైతులు ఆ మన్నును బండ్లతో తోలి చేలల్లో చల్లేవాళ్లు. ఒకప్పుడు మనుషులు బతికిన చోటే తర్వాతి తరాల పంటకు ఎరువైంది.

ఇది మన దగ్గరే కాదు. ఈజిప్టులో కూడా పాత ఊళ్ల మట్టిని ఎరువుగా తవ్వేవాళ్లు. దాన్ని వాళ్లు సెబఖ్ అంటారు. 1887లో టెల్ ఎల్ అమర్నా అనే చోట అట్లా మట్టి తవ్వుతుంటేనే మట్టి పలకలు బయటపడ్డాయని చెప్తారు. అవి మూడు వేల సంవత్సరాలకు పైబడిన రాజుల ఉత్తరాలు. ఈ రోజు వాటిని అమర్నా లేఖలు అంటున్నాం.

ఇందులో ఒక ఇబ్బంది కూడా ఉంది, అది దాచకూడదు. ఎరువు కోసం దిబ్బ తవ్వితే చరిత్ర కూడా బండిలో ఎక్కి పోతుంది. కుండ పెంకులు, పూసలు, పాత నాణేలు ఏ పొరలో దొరికాయో తెలిస్తేనే చరిత్రకారుడికి పనికొస్తాయి. చేనులో చల్లాక అవి ఉత్త పెంకులే. అందుకే ఇప్పుడు మీ ఊరి పాటి దిబ్బ మీద గడ్డపార వేయొద్దు. కుండీకి కావలసింది ఆ పద్ధతి మాత్రమే: వంటింటి తొక్కలు, ఎండుటాకులు, పేడ పాత మట్టిలో కలిపి కొన్ని నెలలు వదిలేస్తే అదే మీ చిన్న పాటి దిబ్బ.

మూడోది చెరువు మట్టి.

మన జిల్లాలోనే, ప్రొద్దుటూరుకు ఈశాన్యంగా పోరుమామిళ్ల ఉంది. అక్కడి చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని కూడా అంటారు, ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాతి పనికి వంద బండ్లు, రెండేళ్ల పని అని ఆ శాసనమే చెప్తుంది. ఇంకా గొప్ప విషయం ఏందంటే, మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను కూడా రాతి మీద చెక్కించారు. ఆ దోషాల్లో ఒకటి చౌడు నేల. కట్టలోంచి నీళ్లు ఊరడం ఒక దోషమైతే, ఉప్పు మట్టి ఇంకో దోషం. 650 ఏళ్ల కిందటే మట్టిలో ఉప్పును ఇంజనీరింగ్ సమస్యగా చూశారన్నమాట.

చెరువు నిండిన ప్రతిసారీ పొలాల పైమట్టి కొట్టుకొచ్చి అడుగున చేరుతుంది. ఎండాకాలం చెరువు ఎండితే రైతులు ఆ ఒండ్రు తవ్వి చేలకు తోలుకునేవాళ్లు. చేను నుంచి పోయిన మట్టి చేనుకే తిరిగొచ్చేది, చెరువులో నీళ్లకు చోటు మిగిలేది. ఈ అలవాటు తప్పిన చోట చెరువులు పూడిపోయాయి. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ, ఆంధ్రప్రదేశ్‌లో నీరు-చెట్టు మొదలైనప్పుడు ప్రభుత్వాలు మళ్లీ పట్టుకున్నది ఈ పాత పనినే.

సరే, ఇప్పుడు మీ కుండీ దగ్గరికి వద్దాం.

పులివెందుల వైపు చీనీ తోటలకైనా, ఇంటి మీద కుండీకైనా చాలాచోట్ల బోరు నీళ్లే దిక్కు. బోరు నీళ్లలో ఉప్పులు ఉంటాయి. మన ఎండకు నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం కుండీలో మిగిలిపోతుంది. పొలంలో అయితే పెద్ద వాన వస్తే కొంత లోతుకు దిగిపోతుంది. కుండీలో అది పోయే దారి తక్కువ. కొన్ని నెలలకు కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. పోసిన నీళ్లు దిగకుండా పైనే నిలబడతాయి. గుర్తుపట్టారా? మీ కుండీ మట్టి మెల్లగా మిద్దె మట్టి అవుతోంది. చౌడెక్కుతోంది.

దీనికి విరుగుడు కూడా మన చరిత్రలోనే ఉంది. రాయలసీమలో ఉప్పర కులస్థులు చౌడు మట్టి నుంచి ఉప్పు తీసేవాళ్లు. మట్టిని పోగేసి పైన నీళ్లు పోస్తే, ఉప్పు కరిగి నీళ్లతో పాటు కిందికి దిగేది. ఆ నీళ్లను ఎండబెడితే ఉప్పు. 19వ శతాబ్దం చివర్లో బ్రిటిష్ ప్రభుత్వం ఉప్పు పన్ను కోసం ఈ మట్టి ఉప్పు తయారీని అణచేసింది. ఎన్నో కుటుంబాల బతుకుదెరువు పోయింది. దండి కంటే ముందే, సముద్రం కనపడని మన కడప వైపు కూడా ఉప్పు రాజకీయం నడిచిందని చాలామందికి తెలియదు.

వాళ్లు మట్టి కడిగి నీళ్లు దాచుకున్నారు. మనం అదే పని చేసి నీళ్లు వదిలేసి మట్టి దాచుకోవాలి. కుండీ అడుగున రంధ్రం తెరిచి, కుండీ సైజుకు రెండింతల నీళ్లు మెల్లగా పోయండి. వాన నీళ్లయితే మేలు, ఎందుకంటే అదే బోరు నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ వస్తుంది. నీళ్లు అసలే దిగకపోతే సోడియం పట్టిందని అర్థం. అప్పుడు ముందు జిప్సం కలపాలి. మన శనక్కాయ రైతులు పూత సమయంలో ఎకరాకు 200 కిలోలు వేసే జిప్సమే ఇది, ఎరువుల అంగట్లో దొరుకుతుంది. పది కిలోల మట్టికి పది, పదిహేను గ్రాములు చాలు. అందులోని కాల్షియం సోడియంను పక్కకు నెడుతుంది, తర్వాత కడిగితే అది పోతుంది.

ఇంకో భయం రోగాలు. మొక్క వడలి చచ్చిపోయినా, వేర్లకు బుడిపెలు కనపడినా ఆ మట్టిలో శిలీంధ్రమో నులిపురుగో ఉన్నట్టు. 1930లలో ఇంగ్లండులోని జాన్ ఇన్స్ సంస్థలో లారెన్స్, న్యూవెల్ అనే ఇద్దరు ఇదే సమస్యతో తల పట్టుకున్నారు. ప్రయోగాల కోసం పెంచే నారు చచ్చిపోతోంది. వాళ్లు మట్టిని ఆవిరితో వేడిచేసి రోగాలు చంపి, కొలతల ప్రకారం కుండీ మిశ్రమం తయారుచేశారు. 7 పాళ్లు మట్టి, 3 పాళ్లు పీట్, 2 పాళ్లు ఇసుక. ఇప్పుడు మనం కొనే ప్యాకెట్లకు ముందు తరం అది. గమనించండి, అందులో సగానికి పైగా మట్టే.

మనకు ఆవిరి యంత్రం అక్కర్లేదు, మన ఎండ చాలు. 1976లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త యాకోవ్ కటాన్ బృందం, తడి నేల మీద పారదర్శక ప్లాస్టిక్ కప్పితే ఎండ వేడికే రోగాలు తగ్గుతాయని చూపించింది. మన రైతులు వేసవి దుక్కి దున్ని నేలను ఎండకు పెట్టేది కూడా ఈ లెక్కలోనే. మీరు ఏప్రిల్, మే నెలల్లో పాత మట్టిని జల్లించి, వేర్లు తీసి, జానెడు మందాన పరిచి, బాగా తడిపి, తెల్లటి పారదర్శక కవర్ బిగించి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. నల్ల కవర్ వద్దు, అది తాను వేడెక్కుతుంది గానీ మట్టికి అంత వేడి ఇవ్వదు. తడి లేకపోతే కూడా పని సరిగా జరగదు.

తర్వాత మట్టికి తిండి. మూడు పాళ్లు పాత మట్టికి ఒక పాలు మాగిన పెంట, కుండీకి ఒక గుప్పెడు వేప పిండి. ఎర్రమట్టి, ఇసుక ఎక్కువైతే కాస్త చెరువు మట్టి కలపొచ్చు. జమ్మలమడుగు రేగడి మాత్రం నేరుగా కుండీలో నింపొద్దు, తడిస్తే బంక, ఎండితే రాయి.

దాచడం ఇంకా సులువు. గోతాల్లో వేసి, ఇటుకల మీద, నీడన పెట్టండి. వాన తగిలితే సారం కారిపోతుంది, బండ మీద నేరుగా పెడితే కాలిపోతుంది. సంచి మీద ఏ పంట మట్టి, ఏ నెల అని రాయండి. టమాటా మట్టిలో మళ్లీ టమాటా, వంకాయ, మిరప వద్దు. ఆకుకూరో, చిక్కుడో వేయండి.

చివరిగా ఒక పని. మీ ఇంట్లో జేజినో, తాతనో అడగండి: మన మిద్దెకు చౌడు ఎక్కడి నుంచి తెచ్చేవాళ్లు, చేనుకు మన్ను ఏ చెరువు నుంచి తోలేవాళ్లు అని. ఊరి చుట్టూ ఏ మట్టి దేనికి పనికొస్తుందో వాళ్లకు నోటికొచ్చు. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు. వాళ్లు చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. మట్టిని మళ్లీ చేసుకోవచ్చు, వాళ్ల మాట మాత్రం వాళ్లతోనే పోతుంది.