బొమ్మలు పండించు పొలము

తెరపై కదలు బొమ్మ నిజముగా కదలదు. సెకనుకు 24 నిశ్చల చిత్రములు ఒకదాని వెంట ఒకటి తెరపై పడుటచే మన కంటికి చలనము గోచరించును. పూర్వము ఈ చిత్రములను చిత్రకారులు చేతితో గీచి రంగులు పూసెడివారు. కంప్యూటరు వచ్చిన పిమ్మట ఆ శ్రమలో పెద్ద భాగము యంత్రమునకు అప్పగింపబడెను. అయితే యంత్రమునకు మాత్రము ఆ పని తేలిక కాలేదు. దానికి పట్టు కాలమును తగ్గించుటకు మానవుడు చేసిన ప్రయత్నమే కంప్యూటరు యానిమేషను చరిత్రలో ఒక ముఖ్యాధ్యాయము.

చిత్రకారుడు మొదట వస్తువుల ఆకారమును, వాని కదలికను, దీపములుండు చోటును, కెమేరా నిలుచు చోటును అంకెల రూపమున కంప్యూటరులో నిర్ణయించును. ఈ అంకెల నుండి కంటికి కనబడు బొమ్మను తయారుచేయుటకే రెండరింగు అని పేరు. బొమ్మను సన్నని చుక్కలుగా విభజించి, ఒక్కొక్క చుక్క వద్ద ఏ వస్తువు కనబడును, దానిపై ఎంత వెలుగు పడును, ఏ నీడ ఆవరించును అని లెక్క కట్టవలెను. 1995లో విడుదలైన ‘టాయ్ స్టోరీ’ చిత్రములో ఒక్కొక్క ఫ్రేము అడ్డముగా 1536, నిలువుగా 922 చుక్కలు గలది. అనగా ఒక్క ఫ్రేములో 14 లక్షలకు పైగా చుక్కలు! ఒక నిమిషపు సినిమాకు ఇట్టి ఫ్రేములు 1440 కావలెను.

ఇంత గణనము చేయుటకు 1980 దశకమున మొదట తోచిన మార్గము మహాయంత్రమును ఆశ్రయించుట. 1984లో వచ్చిన ‘ది లాస్ట్ స్టార్‌ఫైటర్’ చిత్రమునందలి అంతరిక్ష నౌకలను డిజిటల్ ప్రొడక్షన్స్ అను అమెరికను సంస్థ క్రే ఎక్స్-ఎంపీ అను సూపరు కంప్యూటరుపై చిత్రించెను. అదే సంవత్సరము లూకాస్ ఫిలిం కంప్యూటరు విభాగమువారు ‘ఆండ్రే అండ్ వాలీ బీ’ అను చిన్న చిత్రమును తయారుచేసిరి. దాని నిడివి రెండు నిమిషములకు లోపే. అయినను దానికొరకు క్రే సంస్థవారి సూపరు కంప్యూటరును, ప్రాజెక్టు అథీనాకు చెందిన పది వాక్స్ యంత్రములను వాడుకొనవలసి వచ్చెను. జులై నెలలో మినియాపొలిస్ నగరమున జరిగిన సిగ్రాఫ్ సదస్సులో దానిని ప్రదర్శించు దినమునకు కొన్ని సెకనుల భాగము ఇంకను పూర్తి కాలేదు. ఆ భాగమును అసంపూర్ణముగనే చూపిరి. రెండు నిమిషములకే ఇంత కష్టమైనచో, గంటకు మించిన కథాచిత్రము సాధ్యమగునా?

దీనికి సమాధానము రెండరింగు స్వభావములోనే ఉన్నది. నూరవ ఫ్రేమును గీయుటకు తొంబదితొమ్మిదవ ఫ్రేము పూర్తి కానక్కరలేదు. ప్రతి ఫ్రేమునకు కావలసిన అంకెలు ముందే సిద్ధముగా నుండును. కనుక ఫ్రేములను అనేక యంత్రములకు పంచిపెట్టవచ్చును. ఒక మడిని ఒక్కరు నాటుటకు బదులు పదిమంది వరుసకట్టి నాటినట్లే ఇదియును. ఇట్టి యంత్రసముదాయమునకు ఆంగ్లమున పొలము అను అర్థము వచ్చునట్లు ‘రెండర్ ఫార్మ్’ అను పేరు స్థిరపడెను.

అయితే యంత్రములు ఒకదానితో ఒకటి మాటలాడుకొనవలెను గదా! 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ మొదలగువారు ఈథర్‌నెట్ అను అనుసంధాన పద్ధతిని రూపొందించిరి. దాని వ్యాప్తితో ఒకే భవనములోని కంప్యూటర్లను తీగలతో కలుపుట సులభమాయెను. పొలమున ఒక యంత్రము మేస్త్రీ వలె వ్యవహరించును. ఏ ఫ్రేము ఎవరిది అని అది నిర్ణయించును. పని ముగించిన యంత్రము ఫ్రేమును అప్పగించి మరియొక దానిని తీసుకొనును. ఒక యంత్రము చెడిపోయినచో దాని ఫ్రేము మరియొక దానికి పోవును గాని చిత్రము ఆగదు.

లూకాస్ ఫిలిం నుండి 1986లో విడివడిన పిక్సార్ సంస్థ ఈ పద్ధతితోనే ‘టాయ్ స్టోరీ’ని పూర్తిచేసెను. అది పూర్తిగా కంప్యూటరుచే చిత్రింపబడిన తొలి పూర్తి నిడివి కథాచిత్రము. దానికొరకు 117 సన్ యంత్రములు పనిచేసినవి. వానిలో 87 యంత్రములకు రెండేసి, 30 యంత్రములకు నాలుగేసి ప్రాసెసర్లు, మొత్తము 294. ఒక్కొక్క ఫ్రేమునకు 45 నిమిషముల నుండి 30 గంటల వరకు పట్టెను. మొత్తము 8 లక్షల యంత్రగంటలు. ఒకే యంత్రము రాత్రింబవళ్లు పనిచేసినచో దీనికి 91 సంవత్సరములు పట్టును. అనగా 1995లో తెరపై చూచిన చిత్రమును ముగించుటకు ఆ ఒంటరి యంత్రము 1904లో పని ప్రారంభించి యుండవలెను!

1997 నాటి ‘టైటానిక్’ చిత్రమునకు డిజిటల్ డొమైన్ సంస్థ 160 ఆల్ఫా కంప్యూటర్లను కొని, వానిలో 105 యంత్రములను ఉచితముగా లభించు లినక్స్‌తో నడిపెను. 2006లో ఆంస్టర్‌డాంలో తయారైన ‘ఎలిఫెంట్స్ డ్రీం’ అను పదకొండు నిమిషముల చిత్రము సముద్రమునకు ఆవల అమెరికాలోని బౌవీ స్టేట్ విశ్వవిద్యాలయపు యంత్రసముదాయముపై 125 దినములలో రెండరింగు పొందెను. దానికి వాడిన బ్లెండర్ అను సాధనము విద్యార్థులకు నేటికిని ఉచితముగా లభించును.

యంత్రముల వేగము ఇంత పెరిగినను ఫ్రేమునకు పట్టు కాలము తగ్గలేదు. 2013 నాటి ‘మాన్‌స్టర్స్ యూనివర్సిటీ’ చిత్రమునకు 10 కోట్లకు మించిన ప్రాసెసరు గంటలు పట్టెను. సగటున ఫ్రేమునకు 29 గంటలు! కారణము సులభముగనే తెలియును. వేగము పెరిగిన కొలది చిత్రకారులు వెంట్రుక వెంట్రుకను, వెలుగు యొక్క ప్రతి ప్రతిఫలనమును లెక్కింప జొచ్చిరి.

పనిని పంచుకొనుటకు ఒక హద్దును కలదు. నీటి అలలు, పొగ, వస్త్రపు ముడుతల కదలికలో ప్రతి క్షణపు స్థితియు దాని ముందరి క్షణముపై ఆధారపడును. వానిని ముందుగా వరుసక్రమమున లెక్కించి దాచుకొనిన పిమ్మటనే ఫ్రేములను పంచవలెను. ఉపాధ్యాయులు ఈ భేదమును తరగతిలోనే చూపవచ్చును. నలుబది వేర్వేరు గుణకారములను నలుబదిమందికి పంచిన, నిమిషములో ముగియును. ఒక లెక్క జవాబుతోనే తరువాతి లెక్క మొదలగునట్లు వానిని గొలుసుగా కూర్చిన, నలుబదిమంది ఉన్నను ఒక్కరు పనిచేయుచుండగా తక్కినవారు చూచుచుందురు.