మందు గుణము, మందు వెల

ఒక మందును గురించి ప్రభుత్వము రెండు ప్రశ్నలు వేయవచ్చును. ఇది నిజముగా పనిచేయునా? ఇంత వెల పెట్టదగినదా? మొదటి ప్రశ్న శాస్త్రజ్ఞులదనియు, రెండవది బజారుదనియు సామాన్యముగా తలచెదము. జర్మనీ, అమెరికా దేశముల చరిత్రను చూచినచో ఈ రెండింటిని విడదీయుట ఎంత కష్టమో తెలియగలదు.

జర్మనీలో ఈ కథ మందులతో గాక, కార్మికుల చందాలతో ప్రారంభమైనది. గని కార్మికులకు, చేతిపనివారికి పరస్పర సహాయ నిధులు చాలకాలముగా ఉండెను. ఛాన్సలరు బిస్మార్కు ఆ పద్ధతినే విస్తరింపజేసి, 1883 జూన్ 15వ తేదీ శాసనము ద్వారా పారిశ్రామిక కార్మికులకు రోగబీమాను నిర్బంధము చేసెను. చందాలో రెండు వంతులు కార్మికుడు, ఒక వంతు యజమాని చెల్లించవలెను. జబ్బుపడినవానికి వైద్యము, మందులు ఉచితము. పనిలేని దినములకు 13 వారముల వరకు కూలిలో సగము లభించుచుండెను. బిస్మార్కునకు కార్మికులపై గల దయకంటె సోషలిస్టుల వలన గల భయమే ఇందులకు ముఖ్య కారణమని చెప్పవలెను. ఉద్దేశమెట్టిదైనను కట్టడము నిలిచినది. సామ్రాజ్యము కూలినను, రెండు మహాయుద్ధములు జరిగినను, దేశము రెండుగా చీలి మరల ఒకటైనను, నేడు జర్మనులలో నూటికి సుమారు 90 మంది ఈ చట్టబద్ధమైన నిధులలోనే ఉన్నారు. యజమాని వాటా ఇప్పుడు సగమైనది. ఇరువదవ శతాబ్ది తొలి దినములలో 20,000కు మించియుండిన నిధులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, నేడు నూటికి లోపుగా మిగిలినవి. ఇందువలన మందుల కంపెనీ ఎదుట నిలుచునది ఒంటరి రోగి కాదు; కోట్ల ప్రజల పక్షమున బేరమాడు పెద్ద కొనుగోలుదారు.

అమెరికాలో ఇట్టి కొనుగోలుదారు ఏర్పడలేదు. అచటి బీమాకు మొలక వేసినవారిలో బడిపంతుళ్లు ఉన్నారనుట విశేషము. 1929లో టెక్సాసు రాష్ట్రమున డల్లాస్ నగర ఉపాధ్యాయులు నెలకు 50 సెంట్లు చొప్పున చెల్లించగా, బేలర్ ఆసుపత్రి వారికి ఏడాదికి 21 దినముల వరకు చికిత్స చేయుటకు ఒప్పుకొనెను. బ్లూ క్రాస్ బీమా దీనినుండి పెరిగినదే. 1942లో ప్రభుత్వము యుద్ధావసరముల కొరకు జీతముల పెంపును కట్టడి చేయగా, పనివారిని ఆకర్షించుటకు కర్మాగారములు జీతమునకు బదులు ఆరోగ్యబీమాను ఇవ్వజూపెను. ఈ విధముగా బీమా ఉద్యోగమునకు ముడిపడినది. వృద్ధుల కొరకు 1965లో మెడికేర్ ఏర్పడినది గాని, రోగి ఇంటివద్ద వాడుకొను మందులు దాదాపుగా అందులో చేరలేదు.

మందుల వెలపై అమెరికాలో గట్టిగా ప్రశ్నించినవాడు టెన్నెసీ సెనేటరు ఎస్టిస్ కెఫావర్. 1959 డిసెంబరులో ఆయన ఉపసంఘము విచారణ మొదలుపెట్టెను. కీళ్లవాతమునకు వాడు ప్రెడ్నిసొలోన్ మాత్రలో పట్టు మూలపదార్థము వెల సుమారు ఒకటిన్నర సెంటనియు, దానిని దుకాణములకు సుమారు 18 సెంట్లకు అమ్ముచున్నారనియు బయటపడినది. పరిశోధనకు ఖర్చు కాదా యని కంపెనీలు ప్రశ్నించెను. అందులో న్యాయము లేకపోలేదు. టెట్రాసైక్లిన్ వర్గపు మందుల ధరలు కూడ విచారణకు వచ్చినవి. ఆ వర్గములో మొదటిదైన ఆరియోమైసిన్ వెలువడిన లెడర్లె పరిశోధనశాలకు ఆనాటి నాయకుడు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

కెఫావర్ బిల్లులో ధరలకు సంబంధించిన భాగములు 1962 నడుమనే రాలిపోయినవి. బిల్లును బ్రదికించినది జర్మనీలో తయారైన మందు. 1957లో నిద్రకొరకు బజారునకు వచ్చిన థాలిడోమైడ్‌ను గర్భిణులు సేవించగా, వేలకొలది శిశువులు కాలుసేతుల లోపముతో పుట్టిరి. 1961 నవంబరులో దానిని జర్మనీ బజారునుండి తొలగించిరి. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అను అధికారిణి తగిన ఆధారములు లేవని దానికి అనుమతి ఇయ్యలేదు. ఈ వార్త వెల్లడి కాగానే కలిగిన ఆందోళనలో, మందు గుణమును ప్రయోగములచే నిరూపింపవలెనను శాసనము 1962 అక్టోబరులో వచ్చెను. మొదటి ప్రశ్నకు ఏర్పాటైనది. రెండవది మరుగున పడినది.

జర్మనీ స్థితి ఇందుకు తలక్రిందులు. బేరమాడు నిధులుండియు, గుణనిరూపణను కోరు శాసనము అచట 1976లో గాని చేయబడలేదు. అది 1978లో అమలునకు వచ్చెను. 1989లో ఒకే తీరు మందులకు నిధులు చెల్లించు గరిష్ఠ ధరను నిర్ణయించిరి. రెండు ప్రశ్నలు ఒకటిగా కలిసినది 2011లో. అప్పటినుండి క్రొత్త మందు ఏదైనను, ఇదివరలో ఉన్న మందుకంటె ఎంత అధికముగా మేలు చేయునో రుజువు చూపవలెను. వైద్యులు, ఆసుపత్రులు, నిధుల ప్రతినిధులు గల సమితి దానిని తూచును. ఆ తూకమును బట్టి బేరము సాగును. మేలు అధికము కానిచో పాతదానికి మించిన వెల దొరుకుట దుర్లభము. రోగి తన చేతినుండి ఇచ్చునది సామాన్యముగా మందుకు 5 నుండి 10 యూరోలు.

మధుమేహమునకు వాడు ఎంపాగ్లిఫ్లోజిన్ కథ ఇందుకు మంచి ఉదాహరణ. జార్డియన్స్ అను పేర దీనిని అమ్మునది జర్మన్ కంపెనీయే. మొదట పరీక్షించినపుడు అధికమైన మేలు రుజువు కాలేదని సమితి తేల్చెను. 2015లో 7,000 మందికి పైగా రోగులపై జరిగిన ప్రయోగ ఫలితములు ప్రకటితమైనవి. గుండెజబ్బు గల మధుమేహ రోగులలో హృద్రోగ మరణములు తగ్గినట్లు తేలినది. 2016లో సమితి తన తీర్పును మార్చుకొని, అట్టి రోగులకు గణనీయమైన మేలు కలదని అంగీకరించెను.

ఈ పద్ధతికి నష్టమును కలదు. 2011లో అదే కంపెనీ తన మరొక మధుమేహపు మందగు లినాగ్లిప్టిన్‌ను చవుకైన పాత మందుతో పోల్చుటకు ఇష్టపడక, స్వదేశపు బజారులో పెట్టకుండెను. పొరుగు దేశములలో దొరకు మందు తయారుచేసిన దేశములోని రోగులకు దొరకలేదు.

అమెరికాలో మెడికేరుకు మందుల బీమాను చేర్చిన 2003 శాసనమే, ప్రభుత్వము కంపెనీలతో బేరమాడరాదని నిషేధించెను. కొనుగోలుదారు పుట్టినాడు గాని వాని నోరు కట్టివేసిరి. 2022 ఆగస్టులో వచ్చిన శాసనము కొన్ని మందుల విషయమున ఆ కట్టును సడలించెను. మొదటి 10 మందులలో జార్డియన్స్ ఒకటి. 30 దినముల మందుకు 2023లో 573 డాలర్లుగా ఉండిన ప్రకటిత ధర బేరము తరువాత 197 డాలర్లకు దిగి, 2026 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ఈ ధర మెడికేరులో ఉన్నవారికే వర్తించును. ఉద్యోగబీమాపై ఆధారపడినవారికి కాదు.