తెరచాప పడవలో మంచినీటి తొట్టి: శుభ్రత, సంరక్షణ

దూరప్రయాణం చేసే తెరచాప పడవలో తాగునీటిని అడుగుభాగాన అమర్చిన తొట్లలో నిల్వచేస్తారు. భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబరు 10న 'తారిణి' అనే పడవపై గోవా నుండి బయలుదేరి, భూగోళాన్ని చుట్టి 2018 మే 21న తిరిగివచ్చారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య తెలుగువారు. అటువంటి యాత్రలో ఒక రేవుకూ మరొక రేవుకూ మధ్య వారాల తరబడి నేల కనిపించదు. తొట్టిలోని నీరు చెడితే మార్చుకొనుటకు వేరొక బావి ఉండదు. కనుక తొట్టి శుభ్రత ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

తొట్టి నిర్మాణం:

ఈ తొట్లను స్టెయిన్‌లెస్ స్టీలు, ప్లాస్టిక్ లేదా ఫైబరుతో చేస్తారు. పడవ ఊగినప్పుడు నీరు ఒక్కసారిగా ఒకవైపునకు ఒరగకుండా లోపల అడ్డుపలకలు ఉంటాయి. ఆ పలకల మూలలే మురికి చేరే స్థానాలు. పైన నీరు నింపే మూత, గాలి పోవుటకు సన్నని గొట్టం, చేయి దూర్చి కడుగుటకు వేరొక మూత ఉంటాయి. ఒకే పెద్ద తొట్టికంటె రెండు వేర్వేరు తొట్లు మేలు. ఒకటి చెడినా రెండవది నిలుస్తుంది.

నీరు చెడుటకు కారణం:

నింపిన నీరు స్వచ్ఛమైనదైనా, చీకటిగా, వెచ్చగా ఉన్న తొట్టి గోడలపై, గొట్టాల లోపల సూక్ష్మజీవులు జిగట పొరగా పెరుగుతాయి. వాసనకు, రుచి మారుటకు ఇది ముఖ్యకారణం. ఈ పొర తనలోని జీవులను మందు నుండి కాపాడుతుంది. కనుక నీటిలో మందు కలిపితే చాలదు. పొరను రుద్ది తొలగించాలి.

శుభ్రపరిచే క్రమం:

1. తొట్టిని పూర్తిగా ఖాళీచేయాలి. వడపోత గుళికలను తీసివేయాలి; వాటిలోని బొగ్గు క్లోరినును పీల్చివేస్తుంది.

2. మూత తెరచి, గోడలను, అడ్డుపలకలను మెత్తని బ్రష్షుతో, కొద్దిపాటి సబ్బునీటితో రుద్ది, మంచినీటితో కడిగి, అడుగున మిగిలిన మడ్డిని గుడ్డతో ఎత్తివేయాలి.

3. తొట్టిని నీటితో నింపుతూ, లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిను ఉండునట్లు సోడియం హైపోక్లోరైట్ ద్రావణం కలపాలి. 5 శాతం ద్రావణమైతే 100 లీటర్లకు 100 మిల్లీలీటర్లు సరిపోతుంది; 4 శాతమైతే 125 కావాలి.

4. క్లోరిను వాసన వచ్చేవరకు ప్రతి కుళాయిని, వేడినీటి కుళాయితో సహా, ఒక్కొక్కటిగా తెరచి మూయాలి. అప్పుడే గొట్టాలలోనికి కూడా మందు చేరుతుంది.

5. నాలుగు గంటలు ఉంచి, ఆ నీటిని పూర్తిగా వదిలివేసి, వాసన పోయేవరకు రెండు మూడు మార్లు కడగాలి. ఆ తరువాతనే కొత్త వడపోత గుళికలు అమర్చాలి.

జాగ్రత్తలు:

హైపోక్లోరైట్‌ను వెనిగరు వంటి ఆమ్లాలతో ఎన్నడూ కలపరాదు, విషవాయువు వెలువడుతుంది. సున్నపు గార తీయుటకు వెనిగరు వాడదలచినచో, దానిని పూర్తిగా కడిగివేసిన తరువాతనే క్లోరిను పని చేపట్టాలి. పరిమళం కలిపిన బ్లీచింగు ద్రావణం పనికిరాదు. పాతబడిన ద్రావణం బలం కోల్పోతుంది కనుక సీసాపై తేదీ, శాతం చూడాలి. గాఢమైన క్లోరిను నీటిని స్టీలు తొట్టిలో చెప్పిన గంటలకు మించి ఉంచితే లోహానికి గుంటలు పడతాయి. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే యంత్రం ఉంటే, దాని పొరకు క్లోరిను తగలరాదు.

నిత్య సంరక్షణ:

పై పనిని ఏడాదికి ఒకమారైనా, దూరప్రయాణానికి ముందు తప్పనిసరిగా చేయాలి. నీరు పట్టే గొట్టాన్ని ఆ పనికే కేటాయించి, కొసలు మూసి ఉంచాలి. రేవు కుళాయిని కొంతసేపు వదిలిన తరువాతనే నింపాలి. గాలి గొట్టానికి సన్నని జాలీ ఉండాలి. పైమూత రబ్బరు చుట్ట చెడితే ఉప్పునీరు దిగుతుంది కనుక దానిని తరచు మార్చాలి. నీటి స్వచ్ఛతపై అనుమానమున్నచో, తేటగా ఉన్న 100 లీటర్లకు 5 శాతం ద్రావణం 4 మిల్లీలీటర్లు కలిపి, అరగంట ఆగి వాడాలి.

ఇంటి తొట్టికి:

ఒడిశాలోని పూరీ, గోపాలపురం తీరాలలోనూ, యానాంలోనూ వేటకు వెళ్లే తెలుగు కుటుంబాలు పడవలో తీసుకుపోయే నీటి డబ్బాలకు, మిద్దెపై ఉండే ప్లాస్టిక్ తొట్టికి ఇదే సూత్రం వర్తిస్తుంది. లెక్క సులభం: తొట్టి లీటర్లను కావలసిన మిల్లీగ్రాములతో గుణించి, ద్రావణపు శాతానికి పది రెట్లతో భాగించాలి. వచ్చినదే కలపవలసిన మిల్లీలీటర్ల సంఖ్య. ఉదాహరణకు 500 లీటర్ల మిద్దె తొట్టిని 50 మిల్లీగ్రాముల మోతాదుతో శుద్ధిచేయుటకు 5 శాతం ద్రావణం అర లీటరు కావాలి. మందు ముందు కాదు, రుద్దుట ముందు అన్న క్రమం మాత్రం ఎక్కడైనా ఒక్కటే.