ఉప్పు దారులు, హాజరు పట్టీలు

1830 మే నెలలో మద్రాసు సుప్రీం కోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య పెద్ద పరివారంతో కాశీకి బయల్దేరారు. ఏ మజిలీలో మంచినీళ్లు దొరుకుతాయి, ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది అన్నవన్నీ రాసుకుంటూ సాగారు. రైలు లేని ఆ కాలంలో దూరప్రయాణమంటే గుంపు కట్టి నడవడమే. చేతిలో డబ్బున్నవాడికి దారి పొడవునా దొంగల భయం ఉండేది.

అవే దారుల్లో ఇంకో రకం గుంపులూ నడిచేవి. గాడిదల మీద, ఎద్దుల మీద కంట్లాలు వేసుకుని ఎరుకలవాళ్లు సముద్రతీరంలోని ఉప్పును మెట్ట సీమలకు మోసుకెళ్లేవారు. తిరిగి వచ్చేటప్పుడు ధాన్యం తెచ్చేవారు. బండి పోలేని ఊళ్లకు ఉప్పు చేరిందంటే వీళ్ల చలవే, లంబాడీల చలవే. మజిలీ వేసిన చోట మగవాళ్లు వెదురు గంపలు, తట్టలు అల్లితే, ఆడవాళ్లు గడప గడపకూ వెళ్లి ఎరుక చెప్పేవారు. వాళ్లకు దారే ఇల్లు, దారే అంగడి. దారి దొంగలని చట్టం ముద్ర వేసింది ఇలా దారి మీదే బతికిన మనుషుల మీద.

ఈ బతుకు ఒక్కసారిగా కూలిపోలేదు. ఉప్పు మీద కంపెనీ గుత్తాధికారం 1805లోనే మద్రాసు రాజధానిలో మొదలైంది. తరువాత మెట్ట సీమలకు రోడ్లు వచ్చాయి, రోడ్ల వెనకే రైలు వచ్చింది. 1871లో మద్రాసు రైలు మార్గం కడప, గుత్తి మీదుగా పోయి రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది. ఒక్క గూడ్సు బండి లాగే సరుకు ముందు వందల గాడిదల మోత ఏపాటి? ఆపైన 1876–78 కరువు విరుచుకుపడింది. పశువులు పోతే ఎరుకలవాళ్లకు పెట్టుబడి పోయినట్టే. 1882 మద్రాసు అటవీ చట్టంతో గంపలకు కావలసిన వెదురు కూడా సర్కారు సొత్తయింది. రైలు వచ్చిన పదేళ్ల పైచిలుకులోనే ఉప్పు, ఎద్దు, వెదురు మూడూ చెయ్యి జారాయి.

రైలు పట్టాలు రాయచూరు చేరిన ఆ 1871లోనే ఉత్తరాదిలో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. దాని వెనక ఉన్న తర్కం చాలా సులువైనది. ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, నేతగాడి కొడుకు నేతగాడు అవుతాడు, కాబట్టి దొంగ కొడుకు దొంగే అవుతాడని పాలకులు వాదించారు. మద్రాసు పోలీసు అధికారి ఎఫ్.ఎస్. ముల్లాలీ 1892లో ఈ రాజధానిలోని ‘నేర వర్గాల’ మీద ఏకంగా ఒక పుస్తకమే అచ్చువేశారు. స్థిరమైన ఇల్లు లేకపోవడం, పొలం లేకపోవడం, ఊరూరూ తిరగడం ఆ చూపులో పేదరికానికి గుర్తులు కావు, నేరానికి గుర్తులు.

దొంగతనాలు జరగలేదని ఎవరూ అనరు. గుంపులుగా ఇళ్ల మీద పడినవాళ్లూ, దారి కాచినవాళ్లూ ఉన్నారు. అయితే అవి ఎప్పుడు పెరిగాయన్నది చూడాలి. మద్రాసు రాజధానిలో దోపిడీల లెక్కలు తీసిన చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్, గింజల ధర పెరిగినప్పుడల్లా దోపిడీలు పెరిగాయని, కరువు ఏళ్లలో అవి తారస్థాయికి చేరాయని చూపించారు. నేరం పుట్టుకతో వచ్చేదైతే జొన్నల ధరతో పాటు ఎందుకు పెరగాలి? ఈ ప్రశ్నకు పోలీసు పుస్తకాల్లో జవాబు లేదు.

1911లో కొత్త చట్టంతో నేరస్థ జాతి అన్న ముద్ర మద్రాసు రాజధానికీ వచ్చింది. ప్రకటించిన కులంలో పుట్టినవాళ్లను నమోదు చేసుకుని వేలిముద్రలు తీసుకోవచ్చు. ఎప్పటికప్పుడు పోలీసుల ముందు హాజరు చెప్పించుకోవచ్చు, ఊరు దాటకుండా కట్టడి చేయవచ్చు. ఆరేళ్లు దాటిన పిల్లలను తల్లిదండ్రుల దగ్గర నుంచి తీసుకుపోయే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. వీటిలో దేనికీ నేరం రుజువు కావలసిన పని లేదు.

ఇంకో ఆలోచన క్రైస్తవ సేవాసంస్థ సాల్వేషన్ ఆర్మీది. ఈ దేశంలో దాని నాయకుడు ఫ్రెడరిక్ బూత్ టక్కర్ ఒకప్పటి ఐ.సి.ఎస్. అధికారి. ఉద్యోగం వదిలి 1882లో బొంబాయిలో దిగి, కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నారు. నేరాన్ని ఆయన జబ్బుగా చూశారు. పని, బడి, ప్రార్థన దానికి మందులన్నారు. జైలు కన్నా ఇది మెత్తని చూపే. అయినా నయం చేయాల్సింది ఆకలిని కాదు, మనిషినే అన్న నమ్మకం ఇందులోనూ ఉంది.

ఆ నమ్మకంతోనే 1913–14 ప్రాంతంలో బాపట్ల దగ్గర ఎరుకలవాళ్ల కోసం ఒక సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక సభ సభ్యుడు సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద దాన్ని స్టూవర్టుపురం అన్నారు. కృష్ణ ఒడ్డున సీతానగరంలో మరొకటి పెట్టారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఇంకొకటి నడిపింది. అక్కడ సంక్షేమానికీ కాపలాకూ మధ్య గోడ లేదు. భూమి ఇచ్చినవాళ్లే పొద్దు గుంకాక పేర్లు పిలిచి హాజరు వేసుకున్నారు. చిన్న పని మీద పక్క ఊరికి పోవాలన్నా చేతిలో పాసు ఉండాల్సిందే. తరతరాలుగా దేశం తిరిగిన కుటుంబాలు పొలిమేర దగ్గర ఆగిపోయాయి.

భూమి అందరికీ చాలలేదు. సీతానగరంలో రాళ్లు కొట్టే పని ఉండేది. స్టూవర్టుపురం మనుషులు చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలయ్యారు. పాసు లేకుండా కదలలేని మనిషి కూలి కోసం బేరమాడేదెలా? ఎరుకలవాళ్ల చరిత్ర మీద పరిశోధన చేసిన మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన పుస్తకంలో ఈ కోణాన్నే పట్టి చూపారు. సంస్కరణ పేరుతో సాగిన ఏర్పాటు ఫ్యాక్టరీలకూ క్వారీలకూ కట్టు తప్పని కూలీలను తయారుచేసి ఇచ్చిందని ఆమె వివరించారు.

మద్రాసు రాజధానిలో ఈ చట్టం 1947లో రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. ఆ రోజును, చట్టం ముద్ర నుంచి బయటపడిన విముక్త జాతులవాళ్లు ఇప్పటికీ విముక్తి దినంగా జరుపుకుంటారు. అలవాటు నేరస్థుల చట్టాలు మాత్రం ఆ ఖాళీలోకి వచ్చాయి. ఎక్కడ చోరీ జరిగినా ముందు ఎవరి తలుపు తట్టాలో ఠాణాకు పాత పట్టీలే గుర్తుచేశాయి.

1970లలో నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణం, కవి జాషువా కుమార్తె హేమలతా లవణం స్టూవర్టుపురంలో అడుగుపెట్టారు. పోలీసులు రమ్మంటే రాని మనుషులు వీళ్లను ఇంట్లో కూర్చోబెట్టుకుని మాట్లాడారు. నేరం వదిలి వచ్చినవాడికి పని, పిల్లలకు చదువు, ఊరికి మర్యాద కావాలని ఆ దంపతులు ప్రభుత్వాన్ని అడిగారు. మనిషిని ముందు నమ్మి తరువాత మారమన్నారు. స్టూవర్టుపురం చరిత్రలో అంతకు ముందు ఈ వరస ఎప్పుడూ తిరగబడే ఉంది.

సినిమాలు మాత్రం పాత పేరునే పట్టుకున్నాయి. 1991లో ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చాయి. ఆ పేరు చెవిన పడితే సంచీ ఒళ్లోకి లాక్కునే ప్రయాణికుడికి ఊరి గురించి తెలిసింది చాలావరకు అక్కడి నుంచే.

బాపట్ల, చీరాల మధ్య రైలు పట్టాల పక్కన ఇప్పటికీ ఆ స్టేషన్ ఉంది. దానికి కాస్త తూర్పున సముద్రం. ఆ తీరపు ఉప్పును గాడిదల మీద వేసుకుని, పాసు అడిగేవాడు లేని రోజుల్లో, ఎరుకలవాళ్లు పడమటి దారి పట్టేవారు.