గోవాడ చెరకు, కొండకర్ల ఆవ

చోడవరం వైపు వాళ్లను మీ ప్రాంతం గొప్పేమిటని అడగండి. మొదట గోవాడ అంటారు. గోవాడ అంటే చక్కెర ఫ్యాక్టరీ. కాగితాల మీద దాని పేరు చోడవరం కోఆపరేటివ్ షుగర్స్, రైతు నోట మాత్రం ఎప్పుడూ 'గోవాడ ఫ్యాక్టరీ'యే. ఆ తర్వాత చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడు, మాడుగుల హల్వా, అనకాపల్లి బెల్లం వరసగా వచ్చేస్తాయి. కొండకర్ల ఆవ అనే సరస్సు పేరు ఎక్కడో చివర్న వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు. నా ఫిర్యాదు అక్కడే.

అనంతగిరి కొండల్లో పుట్టిన శారదా నది దేవరాపల్లి దగ్గర రైవాడ జలాశయంలో కాస్త ఆగుతుంది. అక్కడి నీళ్లలో కొంత విశాఖ నగరం తాగుతోంది. మిగిలిన నది చోడవరం, అనకాపల్లి, కశింకోట నేలలను తడుపుతూ రాంబిల్లి వైపు సముద్రం దారి పడుతుంది. ఈ నీళ్లను, ఈ నేలను చూసే 1913లో అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రం పెట్టారు. 1933లో ఏటికొప్పాకలో సహకార చక్కెర మిల్లు వచ్చింది. దేశంలోనే తొలితరం సహకార మిల్లుల్లో అదొకటి. గోవాడ కథ దాని కొనసాగింపే.

నది దిగువన, తూర్పు పక్కన, అచ్యుతాపురం, మునగపాక మండలాల మధ్య కొండల నడుమ పల్లంలో నీళ్లు నిలిచిన చోటే కొండకర్ల ఆవ. రాష్ట్రంలో కొల్లేరు తర్వాత పెద్ద మంచినీటి సరస్సుగా దీన్ని చెబుతారు. వానాకాలంలో చుట్టుపక్కల కొండల వాలు నీరంతా దీన్లోకే దిగుతుంది. ఎండలు ముదిరేకొద్దీ అంచులు వెనక్కి తగ్గుతాయి. తగ్గిన అంచున బురద, బురదలో నత్తలు, నత్తల కోసం కొంగలు. ఇలా ఏటా పెరిగి తగ్గడమే దాని ఆరోగ్యం. 'ఎండిపోయిన జాగా ఖాళీగానే ఉంది కదా' అనుకునేవాళ్లకు ఈ సంగతి తెలియదో, తెలిసీ పట్టదో.

ఈ చుట్టుపక్కల చరిత్రకు కొదవ లేదు. సముద్రగుప్తుడి అలహాబాద్ శాసనంలో దేవరాష్ట్రం అనే రాజ్యం, కుబేరుడనే రాజు కనిపిస్తారు. ఆ దేవరాష్ట్రం ఎలమంచిలి ప్రాంతమేనని చరిత్రకారులు గుర్తించారు. అనకాపల్లి పక్కనే శంకరంలో బొజ్జన్నకొండ, లింగాలకొండ బౌద్ధ స్తూపాలున్నాయి. 20వ శతాబ్దం తొలి దశకంలో అలెగ్జాండర్ రే అక్కడ తవ్వకాలు జరిపించాడు. సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా అక్కడ దొరికింది. ఇంగ్లీషువాళ్ల కాలంలో చోడవరం కేంద్రంగా ఉన్న తాలూకాను వీరవల్లి తాలూకా అనేవారు. రాజులు నాణేలు వదిలారు, భిక్షువులు ఇటుకలు వదిలారు, దొరలు రికార్డులు వదిలారు. ఆవలో వల వేసిన మనిషి ఏం వదిలాడు? ఒక తాటి దోనె. అదీ కొన్నేళ్లకే చీకిపోతుంది.

ఆ దోనె సంగతి కాస్త చెప్పాలి. ముదిరిన తాటిచెట్టు మొదలు భాగం తీసుకుంటారు. పైన ఇనుములాంటి చేవ, లోపల మెత్తని పీచు. ఆ పీచంతా తొలిచి తీసేస్తే గట్టి తొట్టిలాంటి గుల్ల మిగులుతుంది. ఒక్క దోనె మీద కూర్చోవాలంటే అలవాటు కావాలి, మనలాంటివాళ్లు ఎక్కితే నీళ్లలో పడటం ఖాయం. అందుకే రెంటిని పక్కపక్కన పెట్టి, అడ్డంగా కర్రలు వేసి బిగిస్తారు. తెడ్డుతో పనిలేదు, పొడవాటి గెడ నేలకు ఆనించి తోస్తారు. అడుగు ఎత్తు నీళ్లలోనూ, తామర తీగల మధ్యా ఇంజను పడవ చెయ్యలేని పని ఇది చేస్తుంది. నీటి మీద నూనె చుక్క పడదు, పిట్ట బెదరదు.

తామరాకుల మీద నడిచే జకానా పిట్టను చూడాలంటే ఈ దోనె ఎక్కాల్సిందే. ఒళ్లు చిన్నది, కాలివేళ్లు మాత్రం చాచితే ఆకంత. బరువు పరుచుకుపోవడంతో ఆకు మునగదు. వాటి సంసారం ఇంకా వింత. ఆడది గుడ్లు పెట్టి మరో జోడు వెతుక్కుంటుంది, పొదిగేదీ పిల్లల్ని కాసేదీ మగదే. నత్తగుల్ల కొంగ, నీటికాకి, పాముబాతు, నీలంగా మెరిసే బొల్లికోడి ఇక్కడివే. చలికాలంలో ఉత్తరాది నుంచి వలస బాతులు దిగుతాయి.

ఇన్నాళ్లూ ఆవ బతికిందంటే ఎవరో సంరక్షించారని కాదు. వల వేసేవాడికి చేప కావాలి, రైతుకు తడి కావాలి, పశువుకు మేత కావాలి. అవసరం ఉన్నచోట కాపలా దానంతటదే ఉంటుంది. ఇప్పుడా అవసరం సన్నగిల్లుతోంది. అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి వచ్చాక కుర్రాళ్లకు గెడ కన్నా షిఫ్టు డ్యూటీ నయం. వాళ్లను తప్పుపట్టను. కానీ గెడ వదిలిన చోట గుర్రపుడెక్క అల్లుకుంటుంది, అంచున ఎవరో గట్టు వేసుకుంటారు. వదిలేస్తే ఏమవుతుందో చక్కెర మిల్లుల విషయంలో మనకు అనుభవం అయింది. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ మిల్లులు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. రైతు చెరకు మానితే మిల్లు ఆగిందో, మిల్లు డబ్బు ఇవ్వకపోతే రైతు మానాడో వాదించుకుంటూనే ఉన్నాం. మిల్లును మళ్లీ కట్టొచ్చు. సరస్సును కట్టలేం.

చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు కొల్లేరుకు 2002లో వచ్చింది. కొండకర్లకు ఇంకా రాలేదు. గుర్తింపుకన్నా ముందు కావాల్సినవి హద్దులు. పర్యాటకం పేరుతో బల్లలు, రంగుల పడవలు పెట్టడం తేలిక. వానాకాలపు నిండు మట్టం దాకా సర్వే చేసి రాళ్లు పాతడం కష్టం, అందుకే అది వెనకబడుతుంది. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు ఆ పని చెయ్యమనే చెబుతున్నాయి.

ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచీ నడుస్తోంది. చోడవరం, గోవాడ బడుల మాస్టార్లూ, ఈసారి పిల్లల్ని ఆవకు తీసుకురండి. దోనెకు ఇచ్చే డబ్బులు దోనెవాడికే ఇవ్వండి.