అటక మీద రాగి తొట్టి

బ్రసెల్స్ మిడి స్టేషన్ నుంచి బయటికొస్తారు. ఇంకా తెల్లవారలేదు. నవంబరు చలి కోటు కాలరు సందులోంచి మెడ మీదికి దిగుతోంది. అండర్లెక్ట్ వైపు నడవండి, ఎంతో దూరం లేదు. పాత కార్లు అమ్మే షెడ్లు, షట్టర్లు దించిన మాంసం కొట్లు, ఇరుకు వీధులు. గ్యూడ్ వీధిలో 56వ నంబరు ముందు ఆగండి. గోడ మీద పేరు చూడకపోతే ఏదో పాత గోడౌననుకుని దాటిపోతారు. పేరు కాంటియోన్. మామూలుగా ఏడాదికి రెండుసార్లు, చలికాలం మొదట్లోనూ చివర్లోనూ, ఈ ఇంట్లో అందరూ చూస్తుండగా బీరు కాస్తారు. ఇవాళ అలాంటి రోజు. అందుకే ఇంత పొద్దున్నే చెక్క తలుపులు తెరిచి ఉన్నాయి.

లోపలికి అడుగు పెట్టగానే వేడి గంజి వాసన. ఆ వెనకే తడిసిన చెక్క వాసన, దానికింకా వెనక పుల్లటిది, పాతది, ఇంకేదో. ఎడంగా పోత ఇనుప తొట్టి ఒకటి ఆవిరి కక్కుతోంది. తోలు పట్టీలు కప్పు కింది చక్రాల మీద గిరగిరా తిరుగుతుంటే తొట్టిలో యంత్రపు చేతులు పిండిని కలియబెడుతున్నాయి. 1,300 కిలోల గింజలు పడ్డాయందులో. మూడింట రెండు వంతులు మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. మిగిలింది మొలకెత్తించని పచ్చి గోధుమ. వేడినీళ్ళు విడతలు విడతలుగా పోస్తూ రెండు గంటల్లో 45 డిగ్రీల నుంచి 72 డిగ్రీల దాకా తెస్తారు. ఆ వేడికి గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. పనివాడు ఒకాయన చిన్న గరిటెతో తీసి మీ చేతికిస్తాడు. తాగి చూడండి. చిక్కగా, తియ్యగా, గోరువెచ్చగా ఉంటుంది. దీన్ని వర్ట్ అంటారు. కింద మిగిలిన పిప్పి రైతుల పశువులకు మేతగా పోతుంది.

ఈ యంత్రాలు ప్రదర్శనకు పెట్టినవి కావు, పని చేస్తున్నవి. 1900లో పాల్ కాంటియోన్, ఆయన భార్య మారీ ఈ వ్యాపారం మొదలుపెట్టారు. మొదట్లో వాళ్ళు సొంతంగా కాచేవారు కాదు. ఇతరులు కాచిన లాంబిక్ అనే పుల్లటి బీరు కొని, పీపాల్లో ముదరబెట్టి, ఒకదానితో ఒకటి కలిపి, సీసాలకెత్తి అమ్మేవారు. సొంతంగా కాచడం కొడుకుల కాలంలో, 1930లలో మొదలైంది. అప్పట్లో బ్రసెల్స్‌లో ఇలాంటి ఇళ్ళు చాలా ఉండేవి. తర్వాత తియ్యటి డ్రింకులు, తేలికపాటి లాగర్ బీర్లు వచ్చాయి. పుల్లటి బీరు ముసలాళ్ళదన్నారు. ఒక్కొక్కటే మూతపడింది. ఈ ఇంటి అల్లుడు జాన్-పియేర్ వాన్ రోయ్ 1978లో బ్రూవరీని మ్యూజియంగా కూడా చేసి తలుపులు తెరిచాడు. పని ఆపకుండానే, వచ్చినవాళ్ళకు ఆ పని చూపించడం మొదలుపెట్టాడు. చాలాకాలం పాటు బ్రసెల్స్ నగరంలో లాంబిక్ కాచే ఇల్లు ఇదొక్కటే మిగిలింది. ఆ ఒక్క నిర్ణయం తీసుకోకపోయి ఉంటే ఈ ఊరి బీరు ఈ ఊళ్ళో ఉండేది కాదని నా నమ్మకం. ఇప్పుడు ఇల్లు నడుపుతున్నది ఆయన కొడుకు జాన్ వాన్ రోయ్.

చెక్క మెట్లెక్కి పైకి రండి. మెట్లు నిటారుగా ఉంటాయి, పక్కనున్న కొయ్య పట్టుకోండి. ఇక్కడ రాగి బాయిలర్లలో వర్ట్ తెర్లుతోంది. మూడు నాలుగు గంటలు మరుగుతుంది. పది వేల లీటర్లు మరిగి మరిగి ఏడున్నర వేల లీటర్లవుతుంది. ఇందులో వేసే హాప్స్ పూలు మామూలు బీరులో వేసేలాంటి తాజా పూలు కావు, మూడేళ్ళు నిలవ ఉంచినవి. గోనెలో చెయ్యి పెట్టి గుప్పెడు తీయండి. గోధుమ రంగు తిరిగి, పొడిపొడిగా రాలిపోతాయి. చేదూ పరిమళమూ చాలావరకు పోయాయి. ఇక్కడ వాళ్ళకు కావలసింది చేదు కాదు, సరుకు చెడిపోకుండా కాపాడే గుణం. అందుకే మామూలు కంటే రెట్టింపుకు పైగా వేస్తారు.

ఇంకో మెట్ల వరస ఎక్కితే అటక. ఈ ఇంట్లో అన్నిటికంటే ముఖ్యమైన చోటు ఇదే.

పెంకుల కప్పు కింద, వాసాల నడుమ, రాగి తొట్టి ఒకటి గదంతా పరుచుకుని ఉంది. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. గోడల్లో చెక్క పలకల కిటికీలు. తెరిస్తే వీధి గాలి తిన్నగా లోపలికొస్తుంది. సాయంత్రానికి మరిగిన వర్ట్ అంతా గొట్టాల్లో పైకెక్కి ఈ తొట్టిలో పడుతుంది. పడుతుండగా మీరు అక్కడే ఉంటే ఎదుటి మనిషి కనపడడు. ఆవిరి కళ్ళద్దాలను కప్పేస్తుంది, కనుబొమల మీద నీటి చుక్కలవుతుంది, వాసాల నుంచి మళ్ళీ కిందికి కారుతుంది. ఎవరో కిటికీ పలకలు తెరుస్తారు. చలిగాలి ఆవిరిని చీల్చుకుని లోపలికొస్తుంది. ఇక మనుషుల పని అయిపోయింది. అందరూ కిందికి దిగిపోతారు.

ఈస్ట్ ఎప్పుడు వేస్తారని అడగకండి. వేయరు. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒకే రకం ఈస్ట్‌ను విడదీసి పెంచడం సాధించాడు. అప్పటి నుంచి ప్రపంచమంతా కొలిచి, ఏరి, శుభ్రంగా పెంచిన ఈస్ట్‌నే బీరులో వేస్తోంది. ఇక్కడ మాత్రం రాత్రంతా ఆ తొట్టి గాలికి తెరుచుకుని ఉంటుంది. గాలిలోవి, వాసాల మీదివి, ఎన్నో దశాబ్దాలుగా ఈ ఇంట్లోనే కాపురమున్నవి, రకరకాల ఈస్ట్‌లూ బాక్టీరియాలూ అందులోకి దిగుతాయి. వాటిలో ఒకదానికి ఈ ఊరి పేరే పెట్టారు: బ్రెట్టనోమైసెస్ బ్రక్సెల్లెన్సిస్. తాటిచెట్టు ఎక్కి లొట్టి కట్టే గీత కార్మికుడికి ఇదేమీ వింతగా తోచదు. ఆయన కూడా లొట్టిలో విడిగా ఈస్ట్ వేయడు. పొద్దున తియ్యగా దిగిన నీరా పొద్దెక్కేకొద్దీ తనంతట తానే పులిసి కల్లవుతుంది. మన ఎండలో గంటల్లో జరిగేది ఇక్కడి చలిలో ఏళ్ళు పడుతుంది.

ఆ చలే ఇప్పుడు వీళ్ళ దిగులు. తెల్లారేసరికి వర్ట్ 18, 20 డిగ్రీలకు చల్లారాలి. అందుకు రాత్రి వేడి మైనస్ 3కూ 8కీ మధ్య ఉంటే మేలు. రాత్రి వెచ్చగా ఉంటే తొట్టి ఆలస్యంగా చల్లారుతుంది, అక్కరలేని బాక్టీరియా ముందుగా వచ్చి కూర్చుంటుంది. అందుకే వేసవిలో ఇక్కడ పొయ్యి వెలిగించరు. జాన్ వాన్ రోయ్ తాతగారి రోజుల్లో అక్టోబరు నడుమ మొదలుపెడితే వసంతం ముదిరేదాకా కాచేవారు. ఇప్పుడు నవంబరులో మొదలై మార్చి చివరికల్లా ముగిసిపోతోంది. 2015 నవంబరులో రాత్రులు ఎంతకీ చల్లబడకపోతే వాన్ రోయ్ కాచడమే ఆపేశాడు. చల్లబరిచే యంత్రం పెట్టుకోవచ్చుగదా అని ఎవరైనా అంటే నాకు బాధగా ఉంటుంది. యంత్రం పెడితే వేడి తగ్గుతుంది, నిజమే. కానీ ఈ బీరుకు పునాది ఆ తెరిచిన కిటికీ. కిటికీ మూసి కాచేది మరో బీరవుతుంది. వందేళ్ళకు పైగా ఒక కుటుంబం కాపాడుకొస్తున్న పని, వీళ్ళ తప్పేమీ లేకుండా, ఏటా కొన్ని రాత్రుల చొప్పున చేజారుతోంది.

అటక దిగి పీపాల గదుల్లోకి రండి. ఇక్కడ మాటలు వాటంతటవే తగ్గుతాయి. వరసలు వరసలుగా ఓక్ పీపాలు, ఒకప్పుడు వైనూ కొన్యాకూ మోసినవి. కొన్నిటి మూతులు ఇంకా బిగించలేదు. మొదటి రోజుల్లో వర్ట్ ఎంత ఉద్ధృతంగా పులుస్తుందంటే, బిరడా పెడితే పీపా పగిలిపోతుంది. అందుకని తెరిచే ఉంచుతారు. గోధుమ రంగు నురగ పొంగి పీపా పొట్ట మీదుగా కారి గట్టిపడిపోతుంది. పొంగు తగ్గాక, మూడు నాలుగు వారాలకు, బిరడా బిగిస్తారు. ఇక నిదానంగా పులుస్తూ, చెక్క రంధ్రాల గుండా కొంచెం కొంచెం ఆవిరవుతూ ఉంటుంది. మూడేళ్ళయ్యేసరికి అయిదో వంతు దాకా తరిగిపోతుంది.

తల ఎత్తితే సాలెగూళ్ళు. దులపలేదని ముక్కు విరవకండి, కావాలనే ఉంచారు. వేసవిలో పండ్ల కోసం, తీపి కోసం పురుగులు ముసురుతాయి. మందు కొడితే గాలిలో ఉన్న ప్రాణులకూ తగులుతుంది. ఆ పని సాలెపురుగులకు అప్పజెప్పారు. ఈ ఇంట్లో సాలెపురుగును చంపడం తప్పు.

చివరగా కింద కౌంటరు. పొడవాటి బల్లలు, నడుమ పొయ్యి, నాలుగైదు భాషల గోల. ముందు మీకు గ్లాసులో పోసేది లాంబిక్. నురగ రాదు, బుడగ లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడి గడ్డి, నిమ్మతొక్క, పాత చెక్క వాసన. ఒక గుక్క తాగగానే చెంపలు లోపలికి లాగేస్తాయి. బీరంటే చల్లగా, కాస్త చేదుగా ఉండేదన్న అలవాటు ఉంటే రెండో గుక్క దాకా ఓపిక పట్టండి. పులుపు వెనక గింజ రుచి ఉంది, అది నెమ్మదిగా వస్తుంది. తర్వాత గూజ్. ఏడాదిది, రెండేళ్ళది, మూడేళ్ళది మూడు లాంబిక్‌లు కలిపి షాంపేన్ సీసాలకెత్తుతారు. చిన్నదానిలో మిగిలిన చక్కెర సీసాలోనే మళ్ళీ పులిసి గ్యాస్ పుట్టిస్తుంది. పెద్దది లోతునిస్తుంది. ఏ పీపాలోది ఎంత కలపాలో చెప్పే లెక్క ఏదీ లేదు. ఒక్కో పీపా నుంచి రుచి చూసి నాలుకతో తేల్చాలి. కాచడం కంటే ఈ కలపడమే కష్టమైన విద్య అని గ్లాసు చేతిలో ఉన్నప్పుడే తెలుస్తుంది. క్రీక్ కూడా అడగండి. పుల్లటి చెర్రీలు లీటరుకు 200 గ్రాముల లెక్కన లాంబిక్‌లో నానబెట్టింది. ఎరుపు చూసి తియ్యగా ఉంటుందనుకుంటారు, ఉండదు. ఆప్రికాట్‌లతో చేసినదాని పేరు ఫూఫూన్, ద్రాక్షతో చేసినది సాన్ లామ్వీనుస్. దొరికితే రుచి చూడండి, అన్ని రోజులూ ఉండవు.

కౌంటరు పక్కనే దుకాణం. బోర్డు మీద ఇవాళ అమ్మే సీసాల పేర్లు, ధరలు. కొన్నిటికి మనిషికిన్ని అని హద్దు. ఆ హద్దుకు కారణముంది. ఇక్కడ దొరికే సీసాలు బయట అనేక రెట్ల ధరకు చేతులు మారతాయి. కాచేవాడికి అందులో దమ్మిడీ రాదు, తాగాలనుకున్నవాడికి సీసా అందదు. వాన్ రోయ్‌కి అది ఎంతమాత్రం నచ్చదు. 2011 నుంచి వీళ్ళు జ్వాంజ్ డే అని ఒక పండగ చేస్తున్నారు. ఆ ఏడాది కోసం ప్రత్యేకంగా చేసిన బీరు ఒకటి, ఎంచిన కొన్ని బార్లకు మాత్రమే వెళ్తుంది. ప్రపంచమంతా ఒకే రోజు ఆ పీపాలు తెరుస్తారు. దాచి అమ్ముకోవడానికి కాదు, నలుగురితో కూర్చుని తాగడానికి. పెట్టెలో మూలుగుతున్న సీసా కంటే గ్లాసులో ఉన్న బీరే నయమని నేనూ అంటాను.

మీ వంతు వచ్చింది. ఒక గూజ్, ఒక క్రీక్ చాలు. ఇవాళ తొట్టిలోకెక్కేది ఎప్పటికి సీసాలో చూడొచ్చని అడగండి. అందులో కొంత ఏడాదికే గూజ్‌లో కలుస్తుందనీ, కొంత మూడేళ్ళు ఆగుతుందనీ, ఏది ఎటు పోతుందో పీపాలే చెప్పాలనీ అంటాడు కౌంటరు కుర్రాడు. ఈ రాత్రి నాలుగు డిగ్రీలట, మీ సీసాలకు కాగితం చుడుతూ పక్కవాడితో ఆ సంగతే చెప్పుకుని సంబరపడుతున్నాడు.